తాళం వేసిన ఇళ్ల ముందు ముగ్గు

ఎవరూ లేని ఇంటి ముందు ముగ్గు వేయడం కూడా ఒక పనేనా అని మొదట్లో యాదవ్వే నవ్వింది. తర్వాత అదే ఆమె బతుకుదెరువైంది. కరీంనగర్ చివర, బైపాస్ దాటాక వచ్చే కొత్త కాలనీలో తొమ్మిది ఇళ్ల వాకిళ్లు ఆమె చేతిలో ఉండేవి. తెల్లవారుతుండగానే చీపురు, బకెట్టు, ముగ్గు డబ్బా పట్టుకుని బయలుదేరేది. ఒక్కో గేటు తాళం తీసి, పడి ఉన్న పేపరు తీసి మూలకు పెట్టి, వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, ముగ్గు వేసి, బయటి లైటు ఆర్పి, మళ్లీ గేటుకు తాళం పెట్టి పక్క ఇంటికి పోయేది. లోపల మనిషి ఉండడు. ఉన్నట్టు కనబడాలి. అంతే పని.

ఈ కాలనీ గురించి కొంచెం చెప్పాలి. ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లలో సగం మంది అందులో ఉండరు. ఒకాయన మస్కట్‌లో ఉంటాడు. ఇంకొకాయన పిల్లల చదువుల కోసం హైదరాబాద్‌లో ఉంటాడు. మరొకాయనకు ఇల్లు ఇక్కడ, ఉద్యోగం మంచిర్యాలలో. కడుపు కట్టుకుని కట్టిన ఇంటికి తాళం వేసి, పరాయి ఊళ్లో అద్దెకు ఉండడం ఈ కాలపు మర్యాద కాబోలు. ఉన్నవాళ్లు కూడా పెళ్లికో, చావుకో, బతుకమ్మకు పుట్టింటికో పోతూనే ఉంటారు. దొంగకు ఇంతకంటే ఏం కావాలి? గోడలు దూకి తొంగిచూడనక్కరలేదు. పొద్దున పూట బండి మీద ఒక చుట్టు తిరిగితే చాలు. ఏ వాకిలి పొడిగా ఉందో, ఏ గడప ముందు ముగ్గు లేదో, ఆ ఇంట్లో మనుషులు లేరని పసిపిల్లలకు కూడా తెలుస్తుంది.

అంతకుముందు కాలనీకి ఒక కాపలాదారు ఉండేవాడు. అతని పేరు లింగమూర్తి, యాదవ్వ పెనిమిటి. పన్నెండేళ్లు ఈల ఊదుతూ, కట్టెతో కరెంటు స్తంభాలను కొడుతూ తిరిగాడు. తర్వాత కమిటీ అధ్యక్షుడు కొండల్‌రావు కెమెరాలు తెప్పించాడు. ఆయనది ఊళ్లో భూములున్న కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు గానీ, కొత్త వస్తువు చూస్తే చేతులు ఊరుకోవు. కెమెరా కునుకు తియ్యదని నచ్చజెప్పి లింగమూర్తిని మాన్పించాడు. ఎనిమిది కెమెరాలు పెట్టారు. మూడింటి వైర్లు కోతులు పీకేశాయి. ఒకటి వేపకొమ్మను తప్ప ఇంకేమీ చూపించదు. మిగతావాటి సంగతి అడిగితే కొండల్‌రావు కంపెనీవాళ్లకు ఫోన్ చేశానంటాడు. నిఘా ఉందని చెప్పే బోర్డు మాత్రం ఇప్పటికీ కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూనే ఉంది. లింగమూర్తి పని పోయిన ఏడాదికి గుండెనొప్పితో పోయాడు. దిగులుతోనే పోయాడని యాదవ్వ అంటుంది. డాక్టరు అలా అనలేదు.

లింగమూర్తి పోయిన ఏడాది దసరాకు కాలనీలో మూడిళ్లు పగిలాయి. పోలీసువాళ్లు ఆటోకు మైకు కట్టి తిప్పారు. "ఊరికి పోయేటోళ్లు ఠాణాల చెప్పి పోండ్రి. బంగారం ఇండ్లల్ల పెట్టకుండ్రి. వాకిట్ల రోజు ముగ్గు పడేటట్టు సూసుకోండ్రి" అని మూడు రోజులు చెవులు హోరెత్తించారు. కొండల్‌రావు భార్య జానకీబాయికి అప్పుడు తట్టింది, లింగమూర్తి పెండ్లాం ఖాళీగానే ఉంది కదా అని. మొగుని కొలువు కెమెరా తీసుకుంటే, కెమెరా చెయ్యలేని పని పెండ్లానికి వచ్చింది. యాదవ్వ కాదనలేదు. కాదంటే పూట గడవదు కదా.

ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన చెయ్యి ఆమెది. కుడిచేతి చూపుడువేలు నడిమి కణుపు దగ్గర బిగుసుకుపోయి వంగదు. ఆ చేతికి పట్టుబడ్డది ఒకే ముగ్గు. ఏడు చుక్కలతో మొదలై ఒక్క చుక్కకు దిగే మెలికల ముగ్గు. చిన్నప్పుడు తల్లి నేర్పింది. కళ్లు మూసుకుని కూడా వేస్తుంది. వేలు వంగదు కాబట్టి ఎడమవైపు చివరి మెలిక గుండ్రంగా తిరగక మొండిగా నిలిచిపోతుంది. చూసినవాళ్లు అదీ ఒక అందమే అన్నారు. తొమ్మిది వాకిళ్లు వంగి లేచేసరికి మోకాళ్లు మొత్తుకునేవి. రోజుకో కొత్త ముగ్గు ఆలోచించే ఓపిక ఎవరికుంది? చెయ్యి దాని పని అది చేసుకుపోతుంటే ఆమె నడుము గురించో, బియ్యం గురించో ఆలోచించుకునేది.

కానీ ఒక గర్వం ఉండేది ఆమెకు. రెండేళ్లలో కాలనీలో అక్కడో ఇక్కడో దొంగలు పడ్డారు గానీ, ఆమె చూసే ఇళ్ల జోలికి ఎవడూ రాలేదు. "నా ఇండ్లల్ల ఇప్పటిదాంక పిల్లి సుత దూరలే" అని కనబడ్డవాళ్లకల్లా చెప్పేది. నా ఇండ్లు అనేది. ఉండేది రేకుల గదిలో, అదీ కిరాయికి. అయినా తాళాల గుత్తి నడుముకు దోపుకుని నడుస్తుంటే తొమ్మిది ఇళ్ల యజమానులూ ఆమె తర్వాతే అనిపించేది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఈ నమ్మకమొక్కటే, నలుగురూ తాళం చేతిలో పెట్టి నిశ్చింతగా ఊరికి పోతారన్న నమ్మకం.

ఆ తొమ్మిదింటికి తోడు అప్పుడప్పుడు ఆమె చేతికి వచ్చేది జమున ఇల్లు. జమున మొగుడు శ్యాంసుందర్ దుబాయిలో క్రేన్ నడుపుతాడు. ఆమె ఒక్కతే ఉంటుంది. మామూలు రోజుల్లో తన వాకిలి తానే ఊడ్చుకుని, పువ్వులూ తీగలూ పెట్టి రోజుకో రకం ముగ్గు వేసేది. పుట్టింటికి పోయేటప్పుడు మాత్రం గేటు తాళం యాదవ్వకు ఇచ్చేది. ఈ ఎండాకాలం ధర్మపురిలో ఉన్న ఆమె తల్లి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. జమున ఉన్నఫళంగా బయలుదేరింది.

"అవ్వా, పదిదినాలు పట్టచ్చు. ఇల్లు జర పైలం" అంది తాళం చేతిలో పెడుతూ.

"నేనున్న గద బిడ్డా. నీకేం ఫికర్ వద్దు. నువ్వు అమ్మను సూసుకో."

బంగారం సంగతి జమున చెప్పలేదు, యాదవ్వ అడగలేదు. నెల కింద ఆడబిడ్డ పెళ్లికని బ్యాంకు లాకర్‌లోంచి తెచ్చిన నగలు బీరువాలోనే ఉన్నాయి. మళ్లీ పెట్టాలి, మళ్లీ పెట్టాలి అనుకుంటూనే రోజులు గడిచాయి. ఒంటిమీద వేసుకుని బస్సెక్కుదామంటే మెడలో గొలుసులు తెంపుకుపోతున్నారని రోజూ వింటున్నదే. ఇంట్లో ఉంటేనే భద్రమనుకుంది.

నాలుగో రోజు పొద్దున యాదవ్వ జమున గేటు తీసింది. ఊడ్చింది. సాన్పి చల్లింది. ముగ్గు పూర్తిగా వేసింది. లైటు ఆర్పుదామని అరుగెక్కినప్పుడు చూసింది, తలుపు గొళ్లెం ఊడి వేలాడుతోంది. దొంగలు దోచిన ఇంటికి తాను తీరిగ్గా ముగ్గు వేసిందన్న మాట. ఆమె అరుగు మీదే కూలబడింది. జానకీబాయి పాల ప్యాకెట్ కోసం బయటికి వచ్చి చూసేదాకా అలాగే కూర్చుంది.

ఆ వారంలోనే ఇంకో ఇల్లు పగిలింది. మంచిర్యాల ఉద్యోగస్తునిది. అదీ యాదవ్వదే. కాలనీలో ఉన్నవి అరవై ఇళ్లు. పగిలినవి రెండు. రెండింటి గేటు తాళాలూ ఒక్క నడుముకే ఉన్నాయి. ఇంకేం కావాలి జనానికి? ఎవరూ నోరు తెరిచి దొంగ అనలేదు. కాలనీ వాట్సాప్ గుంపులో మాత్రం ఒకరు రాశారట, బయటివాళ్లకు తాళాలు ఇవ్వడం మంచిది కాదని. దానికి ఇరవై మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారట.

హెడ్ కానిస్టేబుల్ పరశురాములు వచ్చి ఆమెను ఠాణాకు తీసుకుపోయాడు. మర్యాదగానే తీసుకుపోయాడు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. వేలిముద్రలు తీసుకున్నారు. వంగని వేలు ముద్ర సరిగా పడలేదని నాలుగుసార్లు అద్దారు. ఎవరెవరు ఊళ్లో లేరో ఎవరికైనా చెప్పావా, మీ ఇంటికి ఎవరెవరు వస్తారు, అల్లుడేం చేస్తాడు అని అడిగారు. అల్లుని పేరు వచ్చేసరికి యాదవ్వకు బిడ్డ గుర్తొచ్చింది. బిడ్డ రమ కాగజ్‌నగర్‌లో ఉంటుంది, అల్లుడు మిల్లులో పని. తల్లిని దొంగతనం కింద ఠాణాలో కూర్చోబెట్టారని తెలిస్తే ఆ పిల్ల అత్తవారింట్లో తలెట్లా ఎత్తుకుంటుంది?

దొంగతనం నాడు వచ్చి చూసి మళ్లీ తల్లి దగ్గరికి పోయిన జమున, సంగతి తెలిసి సాయంత్రం ధర్మపురి నుంచి నేరుగా ఠాణాకే వచ్చింది. ప్రయాణపు సంచి భుజాన అలాగే ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గీ అవ్వ ముట్టది సారూ. కావాలంటె నేను రాసిస్త. పోయింది నా సొమ్ము, నేను చెప్తున్న" అంది.

యాదవ్వను ఇంటికి పంపించారు. మరునాడు కొండల్‌రావు తాళాలు అడిగి తీసుకున్నాడు.

"నీ మీద అనుమానం కాదు యాదవ్వా. అందరు పరేషాన్‌ల ఉన్నరు. కొన్ని దినాలు ఆగుదాం" అన్నాడు ఎటో చూస్తూ.

"మంచిది దొరా" అంది ఆమె. అనడానికి ఇంకేం ఉంది? గుత్తి ఇచ్చేశాక నడుము తేలికై, ఏదో జారిపోతోందని దారి పొడుగునా చేత్తో తడుముకుంటూ నడిచింది.

రెండు నెలలు అలాగే గడిచాయి. ఒక హోటల్‌లో ఉల్లిగడ్డలు కోసే పని దొరికింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, చేసే పని లేక చాపమీద కూర్చునేది. ఆమెకు కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం పరశురాములు బండి ఆమె గది ముందు ఆగింది. "దొరికిండ్రు అవ్వా. ఇద్దరు. పెద్దపల్లి తొవ్వల తనిఖీల దొరికిండ్రు. అన్నీ ఒప్పుకున్నరు. నీకు ఏ సంబంధం లేదు" అన్నాడు.

యాదవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "సొమ్ము దొరికిందా సారూ?"

"ఏడిది? కరిగిచ్చి అమ్ముకున్నరు. ఒక ఉంగరం దొరికింది." అతను వెంటనే పోలేదు. టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు. "ఒకటి అడిగిన వాళ్లను. అరవై ఇండ్లున్నయి, గవే ఎట్ల దొరికినయిరా అని. ఏమన్నరో తెలుసా? గా కాలనీల ఒక్కతీరు ముగ్గున్న ఇండ్లన్నీ తాళాలేనట. గా మొండి మెలిక కొత్తగా ఏ వాకిట్ల పడ్డదో, గా ఇంటోళ్లు ఊరికి పోయినట్టేనట. వారం దినాలు బండి మీద తిరిగి సూసుకున్నరట."

యాదవ్వ దండం పెట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"గిది నేను కాయితంల రాయలే అవ్వా. రాస్తె ఏం ఫాయిదా? నువ్వు సుత ఎవ్వలకు చెప్పకు. పేరు సాఫయింది. సప్పుడు చెయ్యక ఉండు" అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

అతను మంచి చేద్దామనే చెప్పాడు. అసలు చెప్పకపోతే ఇంకా మంచి జరిగేది. దొంగవని లోకమంతా అనుకున్నా, కాదని తనకు తెలుసు కదా, ఆ రెండు నెలలూ ఆమె దాన్ని పట్టుకునే బతికింది. ఇప్పుడు లోకం కాదంటోంది, ఆమెకేమో అవునని తెలిసిపోయింది. ఇల్లు కాపాడడానికి పెట్టిన చెయ్యే ఇల్లు చూపించింది. జమున రోజూ వేసే పువ్వుల ముగ్గు పోయి, ఆ మొండి మెలిక పడ్డ పొద్దునే ఆ ఇల్లు దొంగల లెక్కలోకి ఎక్కింది.

ఆ ఆదివారం కాలనీ హాలులో మీటింగ్ పెట్టారు. ఎస్ఐ వచ్చాడు. ఠాణా పరిధిలో దొంగతనాలు పోయిన ఏటి కంటే ఈ ఏడు తగ్గాయని, ఎంత శాతం తగ్గాయో కాయితం చూసి చదివాడు. కొండల్‌రావు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. మూడో వరుసలో కూర్చున్న జమున కొట్టలేదు. ఆమె ఇంట్లో ఏ శాతమూ తగ్గలేదు మరి. తర్వాత యాదవ్వను పిలిచి శాలువా కప్పారు. తప్పుగా అనుకున్నందుకు క్షమాపణ అనే మాట కొండల్‌రావు నోటి దాకా వచ్చి, గౌరవం అనే మాటగా మారి బయటపడింది. గుత్తి మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చాడు.

యాదవ్వ మైకు పట్టుకుని జమున వైపు చూసింది. జమున నవ్వి తలూపింది, చెప్పు అవ్వా అన్నట్టు. చెబుదామనే నోరు తెరిచింది యాదవ్వ. "ఏం లేదు దొరా. అందరు సల్లగుండ్రి" అని మైకు ఇచ్చేసింది. అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆమెకు చెంపదెబ్బల్లా తగిలాయి.

మరునాడు పొద్దున పదింటికి యాదవ్వ జమున ఇంటికి పోయింది. జమున టీ పెడతానని పొయ్యి వెలిగించింది. మనిషి సగమైంది. అడగకుండానే తన గోడు తనే చెప్పుకుంది.

"రెండు నెల్ల సంది ఆయన నాతోని సక్కగ మాట్లాడుతలేడు అవ్వా. ఫోన్ జేస్తె ఒకటే మాట. తొమ్మిదేండ్లు ఎండల కాలిన, నువ్వు బీరువల పెట్టి ఊరేగ పోయినవ్ అంటడు. అమ్మ కాలు ఇరిగితె ఊరేగుడా? నా నిర్లక్ష్యమేనట. అంటె అననీ, సొమ్ము పోయినోని బాధ. గని తిన్నవా అని ఒక్కనాడు అడగలే."

"నీ తప్పు కాదు బిడ్డా. నాది" అంది యాదవ్వ.

జమున అర్థం కాక చూసింది. యాదవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చుని, పరశురాములు చెప్పిందంతా చెప్పింది. ఒక్కతీరు ముగ్గు సంగతి, మొండి మెలిక సంగతి, వారం రోజులు దొంగలు తిరిగి చూసుకున్న సంగతి. ఏదీ దాచలేదు. నిన్న మైకు ముందు ఎందుకు నోరు రాలేదో కూడా చెప్పింది.

"రోజు రెండు గీతలు మార్చినా ఇంత కాకపోవు. మోకాళ్లు నొస్తున్నయని చేతికచ్చింది ఏసుకుంట పోయిన."

జమున ఫోన్ తీసింది. "గిదే ఆయనకు చెప్తవా అవ్వా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడం ఉంది. యాదవ్వకు ఆ అడగడం ఎంత పెద్దదో తెలుసు. దేశంగాని దేశంలో ఉన్న మనిషికి తెలిస్తే ఊరికి తెలిసినట్టే. అక్కడ ఈ జిల్లా వాళ్లు వందల మంది ఉన్నారు. నిన్ననే శాలువాతో కప్పిన పేరు మళ్లీ విప్పేసినట్టే.

"కలుపు బిడ్డా" అంది.

ఫోన్‌లో శ్యాంసుందర్ ముఖం కనబడింది. పని మధ్యలో ఉన్నాడు, నెత్తిమీద పసుపు టోపీ, ఎండకు కమిలిన చెంపలు.

"కొడుకా, నేను యాదవ్వను. ముగ్గులేసే యాదవ్వను. నీ పెండ్లాన్ని ఏమనకు. మీ ఇల్లు దొంగలకు చూపిచ్చింది నేను" అని మొదలుపెట్టి, మళ్లీ మొత్తం చెప్పింది. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకుంది. కాలేదు.

అతను మధ్యలో ఆపలేదు. అయిపోయాక తిట్టలేదు. పోనీ అవ్వా అని కూడా అనలేదు. "జమునకియ్యి" అన్నాడు.

జమున ఫోన్ అందుకుంది.

"తిన్నవా?" అన్నాడు అతను.

జమున ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి పోయింది. ఏడుపు మధ్యలో, "ఇంక తినలే" అనడం వినబడింది. పొయ్యి మీద టీ పొంగుతుంటే యాదవ్వ లేచి ఆర్పింది. గ్లాసులో పోసుకోలేదు. నిలబడే ఉంది.

జమున ముఖం కడుక్కుని బయటికి వచ్చింది. రెండు నెలల తర్వాత ఆ ముఖంలో కొంచెం నెత్తురు కనబడింది. యాదవ్వ నడుముకున్న గుత్తి వైపు చూసి, చూపు పక్కకు తిప్పుకుంది.

"ఇగ మీద ఊరికి పోతె జానకీబాయికి చెప్పి పోత అవ్వా. నా తాళం..." అని ఆగిపోయింది.

యాదవ్వ గుత్తిలోంచి ఆ ఇంటి తాళం చెవి వేరు చేయబోయింది. బిగుసుకున్న వేలితో రింగు తెరుచుకోలేదు. జమునే దగ్గరికి వచ్చి, రింగు విడదీసి, తన తాళం చెవి తీసుకుంది.

"గట్లనే బిడ్డా. తలుపు దగ్గరేసుకో, నేను పోతున్న" అంది యాదవ్వ.

ఆమె అరుగు దిగుతుండగానే వెనక గొళ్లెం పడింది. ఒంటరి ఆడమనిషి అట్లాగే వేసుకోవాలి, మంచిదే అనుకుంది. అనుకున్నా ఏడుపు ఆగలేదు.